లెక్క ఒకటే, నడకలు వేరు

పోయిన నెల ఈ శీర్షికలో ఒక చిన్న లెక్క ఇచ్చి, చేతిలో ఫోన్ ఉన్నవాళ్లందరూ చేసి చూడండి అన్నాను. చూడనివాళ్ల కోసం మళ్లీ చెబుతా. ఒకచోట బతికే పురుగులో చేపలో ఏవైనా సరే, ఆ చోటు మోయగల గరిష్ఠ సంఖ్యను 1 అనుకోండి. ఈ ఏడాది అందులో ఎంత వంతు ఉన్నాయో అది ఎక్స్. వచ్చే ఏడాది వంతు = ఆర్ × ఎక్స్ × (1 − ఎక్స్). లెక్క మొత్తం ఇంతే. ఆర్ అనేది 0 నుంచి 4 దాకా మనం పెట్టుకునే సంఖ్య, దీన్నే పరామితి అంటారు, సంతానం ఎంత జోరుగా పెరుగుతుందో అది చెబుతుంది. వచ్చిన జవాబును మళ్లీ ఎక్స్ గా పెట్టి అదే లెక్క మళ్లీ మళ్లీ చేస్తూ పోవడమే పని. ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు బాగా వచ్చాయి కాబట్టి ఈ నెల అన్నీ వీటికే. సోలార్ పంపుల గురించి అడిగినవాళ్లు వచ్చే సంచిక దాకా ఆగాలి.

ప్ర: సార్, ఆర్ 2.8 పెడితే ఎక్కడ మొదలుపెట్టినా 0.643 దగ్గరికి వచ్చి ఆగిపోయింది. 3.2 పెడితే మాత్రం 0.513, 0.7995 మధ్య అటూ ఇటూ గెంతుతూనే ఉంది, ఎంతసేపు చేసినా ఆగదు. మధ్యలో 3 దగ్గర మారుతుందని మా మేడమ్ చెప్పారు. సరిగ్గా 3 దగ్గరే ఎందుకు? (బీఎస్సీ విద్యార్థిని, నెల్లూరు)

జ: అమ్మా, చాలామంది బొమ్మ చూసి ఆహా అని వదిలేస్తారు, మీరు ఎందుకని అడిగారు, సంతోషం. కాలిక్యులేటర్ పక్కన పెట్టుకుని చదవండి.

ఎక్స్ మారకుండా ఉండిపోయే చోటు ఒకటుంటుంది, అది 1 − 1/ఆర్. ఆర్ 2.8 అయితే 0.6429. ఇప్పుడు దాన్ని కొంచెం కదిలిద్దాం, 0.01 పైకి జరిపి 0.6529 పెట్టండి. లెక్క చేస్తే 0.6346 వస్తుంది, అంటే స్థిరమైన చోటుకి 0.008 కిందికి పడింది. పైన ఉన్నది కిందికి వచ్చింది, కానీ దూరం తగ్గింది. ఇంకోసారి చేస్తే 0.007 కంటే తక్కువ దూరంలో పైకి వస్తుంది. ఇలా పైకీ కిందికీ ఊగుతూ, ప్రతిసారీ ఊపు సుమారు 0.8 వంతుకి తగ్గుతూ చివరికి కుదురుకుంటుంది.

ఇదే పని 3.2 తో చేయండి. స్థిరమైన చోటు 0.6875. అక్కడ నుంచి 0.01 పైకి జరిపి 0.6975 పెడితే 0.6752 వస్తుంది. ఈసారి 0.012 కిందికి వెళ్లింది, దూరం పెరిగింది! మళ్లీ చేస్తే ఇంకా పెరుగుతుంది. ఆ చోటు ఉండడం ఉంది, అందులో సరిగ్గా కూర్చుంటే కదలదు, కానీ వెంట్రుకవాసి పక్కకి జరిగితే బయటికి తోసేస్తుంది.

ఈ ఊపును గుణించే సంఖ్య ఎంత అని మీకు వచ్చిన కాలిక్యులస్ తో తీయండి, 2 − ఆర్ వస్తుంది. 2.8 కి −0.8, 3.2 కి −1.2. మైనస్ గుర్తు ఉంది కాబట్టి పైకీ కిందికీ ఊగుతుంది. గుర్తు వదిలేసి చూస్తే 1 కంటే తక్కువైతే ఊపు చస్తుంది, ఎక్కువైతే పెరుగుతుంది. మైనస్ గుర్తుతో సరిగ్గా 1 అయ్యేది ఆర్ 3 అయినప్పుడే. 3 లో మహత్యం ఏమీ లేదు, అంతా ఈ 2 − ఆర్ చేసే పని.

మరి ఊపు పెరుగుతూ పోయి పేలిపోవాలి కదా అంటారా? ఇక్కడే (1 − ఎక్స్) అడ్డం పడుతుంది. ఎక్స్ మరీ పెద్దదైతే తిండి చాలక తర్వాతి ఏడాది పడిపోతుంది, మరీ చిన్నదైతే మళ్లీ లేస్తుంది. బయటికి తోసే బలం, లోపలికి మడిచే బలం రెండూ ఒకే లెక్కలో ఉన్నాయి. 3.2 దగ్గర వాటి మధ్య రాజీ రెండేళ్ల చక్రంగా కుదిరింది. ఆర్ 3.449 దాటాక ఆ రాజీ కూడా చెడి నాలుగేళ్ల చక్రం వస్తుంది, తర్వాత 8, 16 ఇలా వెంటవెంటనే. 3.57 చేరేసరికి చక్రం అన్నదే లేని స్థితి, దాన్నే కేయాస్ అంటున్నాం. ఆర్ ను చాలామంది ఫ్యాన్ రెగ్యులేటర్ తో పోలుస్తారు, కానీ రెగ్యులేటర్ తిప్పితే వేగం మాత్రమే మారుతుంది. ఇక్కడ తిప్పితే నడక జాతే మారిపోతుంది. నాన్‌లీనియర్ మోడల్ (అంటే సరళరేఖలో సాగని లెక్క) గురించి ఒక్క ముక్క గుర్తుపెట్టుకోవాలంటే నేను ఇదే చెబుతా: ఫార్ములా ఏమిటో ఒక్కటే అడగొద్దు, పరామితి ఎక్కడ పెట్టారో కూడా అడగండి.

ప్ర: నేనూ మా ఫ్రెండూ ఇద్దరం ఎక్సెల్ లో ఆర్ 4 పెట్టి, 0.3 తో మొదలుపెట్టాం. మొదటి ముప్పై వరుసలు ఇద్దరికీ ఒకటే. డెబ్బయ్యో వరుసకి వచ్చేసరికి అతని జవాబుకీ నా జవాబుకీ పొంతన లేదు. ఇద్దరం సరిగానే టైప్ చేశాం, ప్రమాణం చేసి చెబుతా. ఎవరిది తప్పు? (డిగ్రీ మిత్రులు, కావలి)

జ: ప్రమాణాలు అక్కర్లేదు, మీరు పంపిన ఫోటోలు చూశాను. మీరు రాసింది 4*ఏ1*(1-ఏ1). మీ ఫ్రెండ్ రాసింది 4*ఏ1-4*ఏ1*ఏ1. ఎనిమిదో తరగతి పిల్లాడిని అడిగినా రెండూ ఒకటే అంటాడు, కాగితం మీద నిజంగానే ఒకటే.

కంప్యూటర్ లో మాత్రం కాదు. ఎక్సెల్ ఏ సంఖ్యనైనా సుమారు 15 అంకెల వరకే నమ్మకంగా దాచుకుంటుంది, మిగిలినది కత్తిరించేస్తుంది. మీరు ముందు తీసివేసి తర్వాత గుణించారు, అతను ముందు గుణించి తర్వాత తీసివేశాడు, కాబట్టి కత్తెర వేర్వేరు చోట్ల పడింది. తేడా పదహారో అంకెలో ఎక్కడో ఉంటుంది, కంటికి కనిపించదు. ఆర్ 4 దగ్గర ఏ చిన్న తేడా అయినా సగటున ప్రతి అడుగుకీ రెట్టింపు అవుతుంది. పది అడుగులకి సుమారు వెయ్యి రెట్లు, ఇరవైకి పది లక్షల రెట్లు. యాభై అడుగులకి ఆ పదహారో అంకె లోని దుమ్ము మొదటి అంకె దాకా వచ్చేస్తుంది. మీ షీట్లలో జవాబులు విడిపోయింది యాభయ్యో వరుస చుట్టుపక్కలే, చూసుకోండి.

కాబట్టి ఎవరిది తప్పు అంటే, ఆ తర్వాతి వరుసల్లో ఇద్దరిదీ 0.3 తో మొదలైన అసలు దారి కాదు. అదే ఆర్ 3.2 పెట్టి మీ ఇద్దరి ఫార్ములాలూ వెయ్యి వరుసలు నడపండి, జవాబులు విడిపోవు. అక్కడ తేడాలు పుట్టినవి పుట్టినట్టే చచ్చిపోతాయి. అవే రెండు షీట్లు, అదే కంప్యూటర్, మారింది ఆర్ ఒక్కటే.

ఇంకో తమాషా కూడా చెప్పి వదులుతా. ఆర్ 4 కి ఎన్ని అడుగుల తర్వాతైనా జవాబు ఎంతో నేరుగా చెప్పే ఫార్ములా ఉంది. మొదటి ఎక్స్ ను ఏదో ఒక కోణం సైన్ వర్గంగా రాసుకుంటే, ఎన్ అడుగుల తర్వాత ఎక్స్ అంటే ఆ కోణాన్ని 2 ఘాతం ఎన్ తో గుణించి తీసిన సైన్ వర్గం. ఫార్ములా చేతిలో ఉన్నా లాభం లేదు, కోణంలో ఉన్న పిసరంత తప్పుని కూడా అదే 2 ఘాతం ఎన్ గుణిస్తుంది. ఫార్ములా ఉంటే జోస్యం చెప్పొచ్చు అనుకునేవాళ్లకి ఇది చూపించండి. అన్నట్టు 0.25 తో మాత్రం మొదలుపెట్టకండి, ఒక్క అడుగులో 0.75 కి వెళ్లి అక్కడే అతుక్కుపోతుంది, కేయాస్ ఎక్కడ అని నన్ను తిడతారు.

ప్ర: రొయ్యల ధర బాగుందని అందరం సీడ్ వేస్తాం, పట్టుబడి వచ్చేసరికి ధర పడిపోతుంది. పడిపోయిందని ఆపేస్తే మళ్లీ లేస్తుంది. ఇంజనీరింగ్ చదివే మా అబ్బాయి ఇది కేయాస్ నాన్నా అంటాడు. నిజమేనా, లేక వాడు నాకు చెవిలో పువ్వులు పెడుతున్నాడా? మీ లెక్క మా గుంటలకి పనికొస్తుందా? (రొయ్యల రైతు, ఇందుకూరుపేట)

జ: ముందు రెండోదానికి చెబుతా. పోయిన నెల లెక్క మీ గుంటకి పనికిరాదు. అందులో ఈ తరం పిల్లలే వచ్చే తరం. మీ గుంటలో రొయ్యలు పిల్లలు పెట్టవు, సీడ్ హేచరీ నుంచి వస్తుంది, ఎకరాకి ఎంత వేయాలో మీరే నిర్ణయిస్తారు. డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) పడిపోయి తెల్లారేసరికి రొయ్యలు తేలితే అది కేయాస్ కాదు, ఆ రాత్రి ఏరేటర్లు చాలలేదు లేదా కరెంట్ పోయింది.

ధర సంగతి వేరు. దీని మీద ఆర్థిక శాస్త్రంలో సాలెగూడు మోడల్ అని ఒకటుంది, మొర్డెకాయ్ ఎజకీల్ అనే ఆర్థికవేత్త 1938లో దాన్ని కూర్చి రాశాడు. నిన్నటి ధర చూసి ఇవాళ వేస్తాం, సరుకు వచ్చేది మూడు నాలుగు నెలల తర్వాత, ధర తేలేది అప్పుడు. ఈ ఆలస్యమే అసలు పీట ముడి.

అంకెలతో చూద్దాం, ఇవి ఉదాహరణ కోసం అనుకున్నవి. మీ కౌంట్ కి (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క) కిలో 250 రూపాయలు నిలకడ ధర అనుకుందాం. ఈసారి 50 ఎక్కువ పలికింది. అందరూ ఎగబడి వేశారు. ఆ ఎగబడడం ఎంత గట్టిగా ఉందో చెప్పేది ఇక్కడి పరామితి. అది 0.8 అయితే తర్వాతి క్రాప్ కి ధర 40 కిందికి, ఆ తర్వాత 32 పైకి, 26 కిందికి, అలా సర్దుకుంటుంది. 1.2 అయితే 60 కిందికి, 72 పైకి, 86 కిందికి, క్రాప్ క్రాప్ కీ ఊపు ముదురుతుంది. పైన ఆ అమ్మాయికి చెప్పిన మైనస్ 0.8, మైనస్ 1.2 ఇవే.

ఇప్పుడు రైతులు పోయిన క్రాప్ ధర ఒక్కటే కాకుండా పోయిన రెండు క్రాపుల సగటు చూసి వేస్తారనుకోండి. ఎగబడే గుణం అదే 1.2. మొదట 50 పైకి, 60 కిందికి వెళ్లిన ధర ఆ తర్వాత 6 పైకి, 32 పైకి, 23 కిందికి, 6 కిందికి, 17 పైకి, 7 కిందికి. సర్దుకుంటోంది! రెండింటి సగటు చూస్తే ఆ గుణం 2 దాటేదాకా ఊపు అదుపులోనే ఉంటుంది. మార్కెట్ మారలేదు, గుంటలు మారలేదు, గతాన్ని ఎంత దూరం చూశాం అన్నది మారింది.

మరి కేయాస్? పైన చెప్పింది సరళరేఖల మోడల్, అందులో ఊపు తగ్గడమో పెరగడమో తప్ప కేయాస్ రాదు. నిజంలో రైతు ఎంత ధర వచ్చినా ఉన్న గుంటల కంటే ఎక్కువ వేయలేడు, ఎంత పడిపోయినా కొందరు వేస్తూనే ఉంటారు, అంటే సరఫరా గీత వంపు తిరుగుతుంది. ఆ వంపు పెడితే కొన్ని పరామితులకి ఈ మోడల్ లో కేయాస్ కూడా వస్తుంది, కాబట్టి మీ అబ్బాయి పూర్తిగా పువ్వులు పెట్టలేదు. కానీ 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ధరకి తగిలిన దెబ్బను మాత్రం కేయాస్ ఖాతాలో వేయకండి. అది బయట నుంచి పడిన దెబ్బ. కేయాస్ అంటే బయట నుంచి ఎవరూ ఏమీ చేయకపోయినా లెక్క తనంతట తానే ఎగిరెగిరి పడడం. ధరల చార్ట్ చూసి ఈ రెండింటినీ విడదీయడం చదువుకున్నవాళ్లకే కష్టం, కాబట్టి ఎవరైనా చార్ట్ చూపించి వచ్చే క్రాప్ ధర చెబుతాను, ఫీజు ఇవ్వండి అంటే ఒక దణ్ణం పెట్టి పంపించేయండి.

ప్ర: సార్, తుఫాను వచ్చినప్పుడల్లా ముందు నెల్లూరు అంటారు, తర్వాత ఒంగోలు అంటారు, చివరికి ఇంకెక్కడో దాటుతుంది. ఇంత టెక్నాలజీ ఉండి ఏం లాభం? (కొత్తపట్నం)

జ: సముద్రం పక్కన ఉంటూ అడుగుతున్నారు, కోపం న్యాయమే. కానీ 2023 డిసెంబరులో మిచాంగ్ విషయం గుర్తు చేసుకోండి. నెల్లూరు, మచిలీపట్నం మధ్య దాటుతుందని వాతావరణ శాఖ ముందే చెప్పింది, మన తీరం పొడుగునా రాసుకుంటూ వెళ్లి 5వ తేదీన బాపట్ల దగ్గర దాటింది. మీకు 'మారుస్తున్నారు' అనిపించేది చాలాసార్లు ఆ వెడల్పును కుదించడమే.

వెడల్పు ఎందుకు చెప్పాల్సి వస్తుందంటే, 1961లో అమెరికాలో ఎడ్వర్డ్ లోరెంజ్ తన చిన్న వాతావరణ మోడల్ ను మధ్యలో నుంచి మళ్లీ నడపాలని, ప్రింట్ లో ఉన్న 0.506 టైప్ చేశాడు. యంత్రం లోపల ఉన్నది 0.506127. ఆ కాస్త తేడాకే కొన్నాళ్ల తర్వాతి వాతావరణం పూర్తిగా వేరే వచ్చింది. కావలి కుర్రాళ్ల ఎక్సెల్ కథే ఇది, కాకపోతే అరవై ఏళ్ల ముందు. 1963లో అతను దాన్ని మూడే సమీకరణాలకి కుదించి అచ్చువేశాడు. ఆ సమీకరణాల్లో కూడా ఒక పరామితి ఉంది, రో అంటారు. కింద నుంచి ఎంత వేడి అందుతోందో అది చెబుతుంది. రో 10 పెడితే గాలి ఒక తీరులో స్థిరంగా తిరుగుతుంది, అంతే, ఏ విశేషమూ లేదు. లోరెంజ్ పెట్టింది 28, అక్కడ అది ఎప్పటికీ ఒకే దారిలో రెండోసారి నడవదు. ఆ పాత యంత్రం మీద అతనికి ప్రోగ్రాములు రాసిపెట్టింది ఎలెన్ ఫెట్టర్, అంతకు ముందు మార్గరెట్ హామిల్టన్, తర్వాత చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో సాఫ్ట్‌వేర్ నడిపించింది ఈ హామిల్టనే. వీళ్ల పేర్లు పాఠాల్లో రావు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

అందుకే 1992 నుంచి యూరప్, అమెరికా కేంద్రాలు మోడల్ ను ఒక్కసారి నడిపి ఊరుకోవడం మానేశాయి. మొదటి కొలతలు కొద్దికొద్దిగా మార్చి ఎన్నోసార్లు నడుపుతాయి, యూరప్ కేంద్రం వాటి సంఖ్య 51. దారులన్నీ దగ్గరగా వస్తే ధైర్యంగా చెబుతారు, చెల్లాచెదురైతే వెడల్పుగా చెబుతారు. టీవీలో మ్యాప్ మీద గరాటు ఆకారం చూపిస్తారే, అందులో మధ్య గీతను పట్టుకుని మా ఊరు కాదులే అనుకోకండి, గరాటు లోపల ఉంటే మీ ఊరే.

ప్ర: బ్రెజిల్ లో సీతాకోకచిలుక రెక్క ఆడిస్తే టెక్సాస్ లో టోర్నడో వస్తుందట కదా? (ఎస్సెమ్మెస్, పేరు లేదు)

జ: రాదు. 1972లో లోరెంజ్ ప్రసంగానికి శీర్షికగా పెట్టిన ప్రశ్న అది. అంత చిన్న తేడా కూడా పెరిగి దూరపు జోస్యాన్ని చెడగొడుతుందని భావం. టోర్నడోకి కావలసిన శక్తి వేడిగాలి, తేమల నుంచి వస్తుంది, పాపం చిలుకకి సంబంధం లేదు.

ప్ర: ఇదంతా కంప్యూటర్ లో బాగానే ఉంది. బతికున్న ప్రాణుల్లో ఎవరైనా ఇది చూశారా? పరామితి తిప్పితే ప్రకృతి మాట వింటుందా? (సైన్స్ టీచర్, ఒంగోలు)

జ: చూశారు, అదీ మన వంటింట్లో ఉండే పిండి పురుగుల్లో. మీ పిల్లలకి చెప్పడానికి ఇంతకంటే మంచి ప్రయోగం నాకు తెలీదు.

ఈ పురుగుల జీవితంలో అసహ్యమైన విషయం ఒకటుంది, ఇవి తమ జాతినే తింటాయి. పెద్ద పురుగులు గుడ్లనీ ప్యూపాలనీ తింటాయి, లార్వాలు గుడ్లని తింటాయి. నాన్‌లీనియర్ అనే మాట ఇక్కడ పిండి డబ్బాలో కళ్ల ముందు కనబడుతుంది, జనం పెరిగితే తినేవాళ్లూ పెరుగుతారు. కోస్టాంటినో, డెషార్నే, కుషింగ్, డెన్నిస్ అనే నలుగురు దీనికి లార్వా, ప్యూపా, పెద్ద పురుగు అని మూడు సమీకరణాల మోడల్ రాశారు. పెద్ద పురుగులు చచ్చే రేటును బాగా ఎక్కువ చేసి, కొత్తగా పెద్దవయ్యేవి ఎన్నో చెప్పే పరామితిని మెల్లగా తిప్పితే, నిలకడ నుంచి చక్రాలకి, కేయాస్ కి ఎక్కడెక్కడ మారాలో మోడల్ ముందే చెప్పింది. తర్వాత ల్యాబ్ లో నిజం పురుగుల్ని లెక్కపెట్టి, మోడల్ చెప్పిన సంఖ్యకి సరిపోయేలా పెద్ద పురుగుల్ని తీస్తూ కలుపుతూ పోయారు. పురుగులు మోడల్ చెప్పిన వరసలోనే నడక మార్చాయి. 1997లో సైన్స్ పత్రికలో వచ్చింది.

నాకు ఇందులో నచ్చింది, బయట ప్రకృతిలో పరామితిని మన చేత్తో తిప్పలేం, అందుకే అక్కడ కేయాస్ ఉందా లేదా అని వాదన తెగదు. వాళ్లు ఆ పరామితిని తమ చేతిలోకి తెచ్చుకున్నారు.

ప్ర: ప్రాజెక్టు కోసం బైఫర్కేషన్ బొమ్మ గీయాలి, ల్యాప్‌టాప్ ఉంది, పైథాన్ కొంచెం వచ్చు. బొమ్మ ఒక్కటే పెడితే మార్కులు రావంటున్నారు. ఇంకేం చేయొచ్చు? (ఎమ్మెస్సీ, నెల్లూరు)

జ: ఆర్ మారేకొద్దీ నడక ఎక్కడెక్కడ చీలుతుందో చూపేదే బైఫర్కేషన్ బొమ్మ. అడ్డంగా ఆర్, నిలువుగా ఎక్స్. ఒక్కో ఆర్ కి మొదటి వెయ్యి అడుగులు పారేసి తర్వాతి రెండు మూడు వందలు చుక్కలు పెట్టండి. మొదటివి పారేయకపోతే బొమ్మంతా మసక మసకగా వస్తుంది, ముఖ్యంగా 3 దగ్గర, అక్కడ కుదురుకోవడం మహా నెమ్మది.

మార్కులు కావాలంటే మలుపులు కొలవండి. చక్రం రెట్టింపయ్యే చోట్లు 3, 3.4495, 3.5441, 3.5644. పక్కపక్క దూరాల నిష్పత్తి తీస్తే మొదట 4.75, తర్వాత 4.66 వస్తుంది, ఇలా పోతూ పోతూ 4.6692 దగ్గర నిలబడుతుంది. మిచెల్ ఫైగెన్‌బామ్ 1975లో హెచ్‌పీ-65 అనే చేతి కాలిక్యులేటర్ మీద దీన్ని పట్టుకున్నాడు. అది ఎంత నెమ్మదంటే, తర్వాతి మలుపు ఎక్కడ ఉండొచ్చో ముందే ఊహించి అక్కడ నుంచి వెతకాల్సి వచ్చింది, ఆ ఊహించడంలోనే నిష్పత్తి కనబడింది. మీ ల్యాప్‌టాప్ వేగానికి ఆ అదృష్టం లేదు.

తర్వాత లెక్కని మార్చేయండి, ఎక్స్ × (1 − ఎక్స్) తీసేసి సైన్ పెట్టండి. మలుపుల చోట్లు అన్నీ మారతాయి, నిష్పత్తి మాత్రం మళ్లీ ఆ 4.669 దగ్గరికే పోతుంది. ఈ రెండో పట్టిక పెట్టినవాళ్లకి నేనైతే పూర్తి మార్కులు వేస్తా.

ఇంకొకటి, 3.57 తర్వాత అంతా గందరగోళమే అని రాసెయ్యకండి. 3.83 దగ్గర పెద్ద చేసి చూస్తే బొమ్మలో తెల్లటి కిటికీ కనబడుతుంది, అక్కడ 0.156, 0.505, 0.957 అని మూడేళ్ల చక్రం ఏ తొణుకూ లేకుండా నడుస్తుంది. మూడేళ్ల చక్రం ఉంటే మిగతా అన్ని నిడివుల చక్రాలూ ఎక్కడో దాగి ఉంటాయని లీ, యార్క్ 1975లో నిరూపించారు, అంతకంటే పెద్ద ఫలితాన్ని షర్కోవ్‌స్కీ 1964లోనే రాశాడు. వైవాలో ఈ రెండో పేరు అడిగే అవకాశం ఉంది. బొమ్మ గీసేటప్పుడు 3.8 నుంచి 3.9 దాకా ఆర్ ను 0.01 చొప్పున పెంచితే కిటికీలో రెండు మూడు గీతలే పడి సరిగా కనబడదు, 0.0001 చొప్పున పెంచండి, ఫైలు బరువైనా పర్లేదు.